కీలాగ్రం చేసే పని చిన్నదేమీ కాదు
పువ్వులోని ఆడ భాగానికి కొసన ఉండే కీలాగ్రం పుప్పొడి అంటుకునే జిగట చోటు మాత్రమే, మిగతా పనంతా పుప్పొడి నుంచి కిందికి పెరిగే సన్నని గొట్టానిదే, అంటే పరాగనాళానిదే అన్న ఒక వ్యాసంలోని మాటతో ఏకీభవించలేను. చాలా మొక్కల్లో ఎవరిని లోపలికి రానివ్వాలో తేల్చేది అండకోశమే, అంటే పువ్వులోని ఆడ భాగమే. క్యాబేజీలో సొంత పుప్పొడి పడితే కీలాగ్రం మీదే ఆపేస్తుంది. పెటూనియాలోనైతే నాళం కీలంలోకి, అంటే కీలాగ్రం కింది కాడలోకి, కొంత దూరం దిగాక ఎదుగుదల ఆగిపోతుంది. ఇక లోపల, పిండకోశంలో స్త్రీబీజ కణం పక్కనుండే రెండు సహాయ కణాలు చిన్న ప్రోటీన్లు వదిలి నాళాన్ని తమవైపు రప్పించుకుంటాయి. టొరేనియా అనే పూల మొక్కలో ఆ ప్రోటీన్లను 2009లోనే గుర్తించారు. ఇంత జరుగుతుంటే ఊరికే అంటుకునే చోటని ఎలా అంటాం? పిల్లలకు పువ్వు పాఠం చెప్పేటప్పుడు నేను ముందుగా లేత మొక్కజొన్న పొత్తు ఒలిచి చూపిస్తాను. ఒక్కో పీచూ ఒక్కో గింజకు అతుక్కుని ఉంటుంది, ఆ పీచే దాని కీలమూ కీలాగ్రమూ. పుప్పొడి అందని పీచు కింద గింజ కట్టదు.