లూయిస్ గార్సియా పన్నెండు జెర్సీలు: ఇన్ని ఊళ్లు తిరిగితే తప్పేంటి?

ఒక ఫుట్‌బాలర్ పన్నెండు క్లబ్బులకు ఆడాడని వింటే ఎవరికైనా ముందు వచ్చేది అనుమానమే. ఎక్కడా కుదురుగా ఉండలేదంటే ఆటలోనో, మనిషిలోనో ఏదో తేడా ఉండి ఉంటుందని అనుకుంటాం. స్పెయిన్ మిడ్‌ఫీల్డర్ లూయిస్ గార్సియా జాబితా చూస్తే ఆ అనుమానం ఇంకా గట్టిపడుతుంది. బార్సిలోనా, వయ్యడోలిడ్, టొలెడో, టెనెరిఫే, అట్లెటికో మాడ్రిడ్, లివర్‌పూల్, రేసింగ్ శాంటాండర్, పనథినైకోస్, ప్యూబ్లా, ప్యూమాస్, అట్లెటికో డి కోల్‌కతా, చివరికి ఆస్ట్రేలియాలో సెంట్రల్ కోస్ట్ మెరైనర్స్. మొత్తం ఆరు దేశాలు. వీటిలో కొన్నిచోట్లకు రెండేసి సార్లు వెళ్లాడు కూడా.

ఈ తిరుగుడంతా ఒకే ఖాతాలో రాయడం పొరపాటు. ఇరవై ఆరేళ్ల లోపు అతను ఊళ్లు మారింది తన ఇష్టంతో కాదు, పెద్ద క్లబ్బులు కుర్రాళ్లను వాడుకునే పద్ధతి వల్ల. ముప్పై దాటాక మారింది కొత్త లీగ్‌లకు పేరున్న ఆటగాళ్లు కావాల్సి వచ్చి. ఈ రెంటికీ మధ్య లివర్‌పూల్‌లో మూడేళ్లున్నాయి. అతన్ని ఇవాళ్టికీ గుర్తుపెట్టుకోవడానికి కారణం ఆ మూడేళ్లే. ఆ మూడేళ్లు వచ్చింది ఒక్క కోచ్ నమ్మకం వల్ల.

1978లో బార్సిలోనా పక్కనే ఉన్న బదలోనాలో పుట్టాడు గార్సియా. బార్సిలోనా యూత్ వ్యవస్థలోనే పెరిగాడు. అయితే ఆ అకాడమీలో పెరగడం వేరు, ఫస్ట్ టీమ్‌లో ఆడటం వేరు. బి జట్టు దాటిన కుర్రాడికి చోటు లేకపోతే క్లబ్ అతన్ని లోన్ మీద, అంటే కొంతకాలానికి అప్పుగా, వేరే జట్టుకు పంపిస్తుంది. బాగా ఆడితే విలువ పెరుగుతుంది, ఆడకపోతే పెద్దగా పోయేదేమీ లేదు. క్లబ్‌కి రెండు రకాలా లాభమే. ఆటగాడికి మాత్రం ప్రతి ఏడాదీ కొత్త ఊరు, కొత్త కోచ్, మళ్లీ మొదటి నుంచి నిరూపించుకోవడం. వయ్యడోలిడ్, టొలెడో, టెనెరిఫే అన్నీ గార్సియాకు ఇలా వచ్చినవే.

టెనెరిఫేలో మాత్రం కథ మలుపు తిరిగింది. 2000-01 సీజన్‌లో రెండో డివిజన్‌లో ఉన్న ఆ జట్టుకు రాఫా బెనీటెజ్ కోచ్‌. గార్సియా, మిస్టా, కురో టోరెస్ లాంటి వాళ్లతో ఆ ఏడాదే జట్టును స్పెయిన్ మొదటి డివిజన్ లా లీగాకి తీసుకెళ్లాడు. తర్వాత వలెన్సియాకి మారిన బెనీటెజ్, మిస్టానీ టోరెస్‌నీ వెంట తీసుకెళ్లాడు. గార్సియా మళ్లీ వయ్యడోలిడ్‌కి వెళ్లాడు, 2002లో అట్లెటికో మాడ్రిడ్‌కి మారాడు. అక్కడ ఒక్క సీజన్ బాగా ఆడేసరికి బార్సిలోనా తిరిగి కొనేసుకుంది. పుట్టినింటికి చేరినట్టే అనుకోవాలి. కానీ అది రొనాల్డినో వచ్చిన ఏడాది. ఫ్రాంక్ రైకార్డ్ కింద జట్టు లీగ్‌లో రెండో స్థానంలో నిలిచింది. ఆ మరుసటి వేసవిలో ఎటూ, డెకో, జూలీ, లార్సన్ అందరూ ఒకేసారి దిగారు. గార్సియాకు చోటెక్కడ?

అదే వేసవిలో బెనీటెజ్ లివర్‌పూల్‌కి వెళ్లాడు. వెళ్లగానే స్పెయిన్ నుంచి జాబీ అలోన్సో, హొసేమి, ఆంటోనియో నునెజ్‌లతో పాటు గార్సియానీ రప్పించాడు. టెనెరిఫే పరిచయం మూడేళ్ల తర్వాత పనికొచ్చింది. ఫుట్‌బాల్‌లో ట్రాన్స్‌ఫర్లను స్కౌటింగ్, డేటా, బడ్జెట్‌ల లెక్కగా చూస్తాం కానీ, ఒక కోచ్‌కి ఫలానా కుర్రాడి మీద కుదిరిన గురి చేసే పని వీటన్నిటికంటే ఎక్కువ. గార్సియా కెరీర్ దానికి మంచి ఉదాహరణ.

లివర్‌పూల్ అభిమానులు అతని విషయంలో రెండుగా చీలిపోయేవాళ్లు. బంతిని ఊరికే పోగొడతాడనేది ఒక ఫిర్యాదు. అది అబద్ధం కాదు. మడమతో వెనక్కి తన్నడం, కుదరని చోట నుంచి పాస్ వేయడం, నలుగురి మధ్యలోంచి దూరబోవడం అతనికి అలవాటు. అందులో సగం బెడిసికొట్టేవి. ఎత్తు తక్కువ, బలం తక్కువ. ఇంగ్లండ్‌లో శీతాకాలపు మ్యాచ్‌లలో డిఫెండర్లు అతన్ని నెట్టేసేవాళ్లు. 2004-05లో లీగ్‌లో 8 గోల్స్ కొట్టాడు, జట్టు అయిదో స్థానంతో సరిపెట్టుకుంది.

యూరప్ మేటి క్లబ్బుల పోటీ ఛాంపియన్స్ లీగ్‌లో మాత్రం వేరే మనిషి కనిపించాడు. జర్మనీ క్లబ్ లెవర్‌కూసెన్ మీద సొంత గడ్డపై ఒక గోల్, వాళ్ల మైదానంలో రెండు. క్వార్టర్ ఫైనల్లో యువెంటస్ మీద లివర్‌పూల్ సొంత మైదానం ఆన్‌ఫీల్డ్‌లో ఎడమ కాలితో దూరం నుంచి కొట్టిన వాలీ గోల్‌కీపర్ బుఫాన్‌ను దాటి గోల్‌లో పడింది. ఆ సీజన్‌లో నేను చూసిన అందమైన గోల్స్‌లో అదొకటి. తర్వాత సెమీఫైనల్. ప్రత్యర్థి చెల్సీ, ఆ ఏడాది ప్రీమియర్ లీగ్ మొత్తంలో 15 గోల్స్ మాత్రమే ఇచ్చిన జట్టు. లండన్‌లో తొలి మ్యాచ్ 0-0. 2005 మే 3న ఆన్‌ఫీల్డ్‌లో నాలుగో నిమిషంలోనే చెల్సీ గోల్‌కీపర్ చెక్, లివర్‌పూల్ ఫార్వర్డ్ బరోష్‌ను పడేశాడు. బంతి గార్సియా కాళ్ల దగ్గరికొచ్చింది, అతను గోల్ వైపు తోశాడు. చెల్సీ డిఫెండర్ గలాస్ దాన్ని గీత మీద నుంచి తన్నేశాడు. గీత దాటాక తన్నాడా, దాటకముందే తన్నాడా? స్లోవేకియా రెఫరీ లూబోష్ మిఖేల్ గోల్ ఇచ్చేశాడు. మ్యాచ్ 1-0తో ముగిసింది. చెల్సీ కోచ్ మొరీన్యో దాన్ని 'దెయ్యం గోల్' అన్నాడు, ఆ పేరే స్థిరపడిపోయింది. బంతి గీత దాటిందో లేదో తేల్చే గోల్‌లైన్ టెక్నాలజీ అప్పటికి లేదు. గోల్ ఇవ్వకపోయి ఉంటే చెక్‌కి రెడ్ కార్డ్ చూపించి పెనాల్టీ ఇచ్చేవాడినని రెఫరీ తర్వాత చెప్పాడు. అంటే గోల్ ఇవ్వడం వల్ల చెల్సీకి ఒకరకంగా మేలే జరిగింది, పదకొండు మందితో మిగతా ఆటంతా ఆడుకోగలిగారు. ఈ మాట అంటే చెల్సీ అభిమానులు ఇప్పటికీ ఒప్పుకోరు.

మే 25న ఇస్తాంబుల్‌లో మిలాన్ మీద ఫైనల్. సగం సమయానికి 0-3, ఆట ముగిసేసరికి 3-3, పెనాల్టీల్లో గెలుపు. ఆ కథ అందరికీ తెలిసిందే. గార్సియా 120 నిమిషాలూ మైదానంలోనే ఉన్నాడు, గోల్ మాత్రం కొట్టలేదు. ఇస్తాంబుల్ కథలో అతని పేరు ఎక్కువగా వినిపించదు. కానీ లెవర్‌కూసెన్, యువెంటస్, చెల్సీ మ్యాచ్‌లలో ఆ అయిదు గోల్స్ లేకపోతే ఇస్తాంబుల్ దాకా వెళ్లడమే కష్టం.

ఆ రిస్కూ, ఈ గోల్సూ ఒకే అలవాటు నుంచి పుట్టాయన్నది నా అభిప్రాయం. సాధారణ లీగ్ మ్యాచ్‌లో పది ప్రయత్నాలు చెడగొట్టే ఆటగాడే, ఒక్క అవకాశం మాత్రమే దొరికే నాకౌట్ మ్యాచ్‌లో ఆ పదకొండో ప్రయత్నం చేస్తాడు. జాగ్రత్తగా ఆడేవాడు ఆ రోజు కూడా జాగ్రత్తగానే ఆడతాడు. బెనీటెజ్ ఎంత క్రమశిక్షణ కోరే కోచో అందరికీ తెలుసు. అలాంటి మనిషి ఈ గజిబిజి ఆటగాడిని భరించాడంటే ఈ లెక్క తెలిసే భరించి ఉంటాడు.

2006లో కూడా ఇదే కనిపించింది. ఏప్రిల్ 22న ఓల్డ్ ట్రాఫోర్డ్‌లో ఎఫ్ఏ కప్ సెమీఫైనల్, మళ్లీ చెల్సీయే. లివర్‌పూల్‌కి రీసె ఒక గోల్, గార్సియా ఒక గోల్. 2-1తో గెలుపు. నాలుగు రోజులకే వెస్ట్ హామ్‌తో లీగ్ మ్యాచ్‌లో హేడెన్ మలిన్స్‌తో గొడవపడి ఇద్దరూ రెడ్ కార్డులు తెచ్చుకున్నారు. ఎఫ్ఏ కప్ ఫైనల్ ఎవరితో? అదే వెస్ట్ హామ్‌తో. జట్టును ఫైనల్‌కి చేర్చిన మనిషి బయట కూర్చున్నాడు.

స్పెయిన్ జాతీయ జట్టులోనూ అతనిది అలాంటి ప్రయాణమే. 2005 నవంబర్‌లో ప్రపంచ కప్ ప్లేఆఫ్‌లో స్లోవేకియాను 5-1తో ఓడించినప్పుడు అందులో మూడు గోల్స్ అతనివి. 2006 ప్రపంచ కప్‌కి వెళ్లాడు. 2007 జనవరిలో ఆర్సెనల్‌తో లీగ్ కప్ మ్యాచ్‌లో మోకాలి లిగమెంట్ తెగింది. అక్కడితో లివర్‌పూల్ అధ్యాయం దాదాపు ముగిసింది. 121 మ్యాచ్‌లు, 30 గోల్స్. ఆ ఏడాది ఛాంపియన్స్ లీగ్ ఫైనల్ ఆడలేకపోయాడు. వేసవిలో అట్లెటికోకి తిరిగెళ్లాడు, అదే సమయంలో అట్లెటికో నుంచి ఫెర్నాండో టోరెస్ లివర్‌పూల్‌కి వచ్చాడు. ఏడాది తిరిగేసరికి స్పెయిన్ జట్టు యూరో 2008 గెలిచి ప్రపంచాన్ని ఏలడం మొదలుపెట్టింది. జావి, ఇనియెస్టా, సిల్వా, కజోర్లా, ఫాబ్రెగాస్ ఉన్న ఆ మధ్య వరుసలో గార్సియాకి చోటు లేదు. స్పెయిన్‌కి పొట్టి, చురుకైన మిడ్‌ఫీల్డర్లు దొరకడం మొదలయ్యేనాటికి అతని మోకాలు పాడైపోయింది. బంతిని పోగొట్టని పొట్టివాళ్లు దొరికారన్నది ఇంకో నిజం.

ముప్పై దాటాక వచ్చిన ప్రయాణాల్లో శాంటాండర్, ఏథెన్స్ గురించి చెప్పడానికి పెద్దగా ఏమీ లేదు. పనథినైకోస్‌లో ఇస్తాంబుల్ నాటి సహచరుడు సిస్సే కలిశాడు. మెక్సికోలో ప్యూబ్లా, ప్యూమాస్. 2014 జనవరిలో ఆట మానేస్తున్నట్టు ప్రకటించాడు.

అదే ఏడాది ఇండియన్ సూపర్ లీగ్ మొదలైంది. ప్రతి జట్టుకీ ఒక మార్క్యూ ఆటగాడు, అంటే జనాన్ని రప్పించే పెద్ద పేరు, కావాలి. ఢిల్లీకి డెల్ పియరో, గోవాకి పిరేస్, పుణెకి ట్రెజెగే, కోల్‌కతాకి గార్సియా. అట్లెటికో మాడ్రిడ్‌కి వాటా ఉన్న జట్టు, సౌరవ్ గంగూలీ కూడా ఒక యజమాని. రిటైరైన వాళ్లను తెచ్చి ఫుట్‌బాల్ అంటారా అని అప్పట్లో విమర్శలొచ్చాయి, చాలావరకు న్యాయమైనవే. డెల్ పియరో లాంటి వాళ్లు టికెట్లు అమ్మడానికి పనికొచ్చారు, అంతకు మించి మిగిల్చింది తక్కువ. కోల్‌కతా పరిస్థితి కొంచెం వేరు. వాళ్లు ఒక్క పేరును కాదు, ఒక గుంపును తెచ్చుకున్నారు. కోచ్ ఆంటోనియో హబాస్, బోర్జా ఫెర్నాండెజ్, జోఫ్రే, అర్నాల్. వీళ్లతో పాటు 2004లో గార్సియాతో ఒకే వేసవిలో లివర్‌పూల్‌లో దిగిన హొసేమి. డిసెంబర్ 20న ముంబైలో కేరళ బ్లాస్టర్స్ మీద 90 నిమిషాలు దాటాక ఇంజురీ టైమ్‌లో మొహమ్మద్ రఫీక్ తలతో కొట్టిన గోల్‌తో తొలి టైటిల్ కోల్‌కతాదే. మరుసటి ఏడాది మార్క్యూ స్థానంలో హెల్డర్ పోస్టిగా వచ్చాడు. గార్సియా ఒక్క సీజన్‌తో వెళ్లిపోయాడు.

కానీ ఆ స్పెయిన్ దారి మూసుకుపోలేదు. 2019 నుంచి 2023 వరకు వరసగా అయిదు ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) టైటిళ్లు స్పెయిన్ కోచ్‌లవే. కుడ్రాట్ బెంగళూరుకి, హబాస్ మళ్లీ కోల్‌కతాకి, లొబేరా ముంబైకి, మనోలో మార్కెజ్ హైదరాబాద్‌కి, ఫెరాండో మోహన్ బగాన్‌కి గెలిపించారు. 2022 మార్చిలో గోవాలో జరిగిన ఫైనల్లో గోల్‌కీపర్ కట్టిమణి పెనాల్టీలు ఆపి హైదరాబాద్ ఎఫ్‌సీని ఛాంపియన్‌ను చేసిన రాత్రి మన ఊళ్లలో ఫుట్‌బాల్ మాట కాస్త గట్టిగా వినిపించింది. తారలకు పెట్టిన డబ్బు కంటే కోచ్‌లకు పెట్టిన డబ్బే ఈ లీగ్‌కి ఎక్కువ తిరిగిచ్చిందని దీన్నిబట్టి చెప్పొచ్చు. ఊళ్లు మారే విషయానికొస్తే గార్సియాను అనడానికి మనకు నోరు లేదు. పుణె నుంచి హైదరాబాద్ వచ్చిన ఆ క్లబ్బే 2025లో మూటాముల్లె సర్దుకుని ఢిల్లీ వెళ్లిపోయింది.

గార్సియా 2016లో ఆస్ట్రేలియా వెళ్లి లీగ్‌లో అట్టడుగున ఉన్న సెంట్రల్ కోస్ట్ మెరైనర్స్‌కి కొన్ని మ్యాచ్‌లు ఆడాడు. జట్టు అట్టడుగునే సీజన్ ముగించింది. ఆ తర్వాత టీవీ వ్యాఖ్యానం, మలేషియాలో జొహోర్ దారుల్ తాజిమ్ క్లబ్‌కి సీఈఓ పదవి. ఆ ఉద్యోగానికి అతన్ని తీసుకున్నవాళ్లు పన్నెండు క్లబ్బుల జాబితాను లోపంగా చూసి ఉండరు. లోన్ మీద వచ్చిన కుర్రాడు ఎలా ఉంటాడో, మార్క్యూ పేరుతో వచ్చిన ముప్పై ఆరేళ్లవాడు ఎంతవరకు పరుగెత్తగలడో, ఒక క్లబ్ తన ఆటగాణ్ని అమ్మి మళ్లీ ఎందుకు కొంటుందో తెలిసిన మనిషి వాళ్లకు దొరికాడు.