హీ-మ్యాన్ వద్దు, అట్టపెట్టె ఇవ్వండి

1980ల్లో మాటెల్ కంపెనీ అమ్మిన కండల వీరుడి బొమ్మ హీ-మ్యాన్. అతని అభిమానులు తిట్టుకున్నా సరే, చెప్పేస్తాను. ఆ ఆటబొమ్మలు ఏమంత గొప్పవి కావు. గొప్పదల్లా వాటి అట్టపెట్టె మీది పెయింటింగే.

హీ-మ్యాన్ ఎక్కి తిరిగే పులి, బ్యాటిల్ క్యాట్‌నే తీసుకోండి. ఆకుపచ్చ పులి, నారింజ చారలు, ఎర్ర జీను. పెట్టె మీద రూడీ ఒబ్రెరో వేసిన పులిని చూస్తే ఒళ్లు జలదరిస్తుంది. లోపలున్న పులికేమో కాళ్లు కదలవు, మెడ తిరగదు. అసలది మాటెల్ వాళ్లు పాత బిగ్ జిమ్ బొమ్మల కోసం చేసిన పులి అచ్చు. హీ-మ్యాన్ పక్కన మరీ పెద్దదైపోయిందని జీను తగిలించి వాహనం చేసేశారు!

ఇక ఆ వీరుడు. నడుం తిప్పి వదిలితే స్ప్రింగు దెబ్బకి గిర్రున తిరిగి గుద్దేవాడు, బాగానే ఉండేది. తొడల లోపలి రబ్బరు సాగిపోయాక మాత్రం విశ్వాధిపతిని గోడకి ఆనించాల్సి వచ్చేది.

మా ఒడిశా బరంపురం పిల్లలకి బొమ్మలు అలా ఉండటం ఓ లోటనిపించలేదు. రెండేళ్లకోసారి వచ్చే బుఢీ ఠాకురాణి జాతరలో బాఘ నాచ, అంటే పులివేషం ఆట, చూస్తూ పెరిగాం కదా. ఒంటినిండా పసుపు రంగు, నల్ల చారలు, వెనక తోక. నిన్నటిదాకా వీధిలో సైకిల్ తొక్కినవాడే, డోళ్లు మోగగానే పులి. చెమటకి చారలు కారుతున్నా సరే, మావయ్య వెనక దాక్కునేవాళ్లం. అలాంటి మాకు ఆకుపచ్చ పులి ఒక లెక్కా?

1982లో బొమ్మలతో ఇచ్చిన చిట్టి కామిక్స్‌లో హీ-మ్యాన్ అడవి తెగ నుంచి వచ్చిన యోధుడు. అతని మామూలు రూపమైన యువరాజు ఆడమ్ లేడు, బ్యాటిల్ క్యాట్ మామూలు రూపమైన పిరికి పులీ లేదు. అల్ఫ్రెడో అల్కాలా గీతలు ఆ పెట్టెలకి తగ్గట్టే ఉండేవి. 1983లో ఫిల్మేషన్ స్టూడియో వాళ్ల హీ-మ్యాన్ కార్టూన్ వచ్చి అంతా నున్నగా చేసేసింది, చివర్లో నీతిపాఠం కూడా తగిలించి. దూరదర్శన్‌లో కళ్లప్పగించి చూశాం, కాదనను. కానీ ఒబ్రెరో పెట్టె మీద వేసిన, హీ-మ్యాన్ కథలోని గ్రేస్కల్ కోట ముందు అది దిగదుడుపే. పుర్రె మొహం, నోరే గుమ్మం. ప్లాస్టిక్ కోటలో సింహాసనం, లిఫ్టు ఉండేవి. పెట్టె మీది కోటలో ఏముందో మాత్రం మనిష్టం.

మా అమ్మకి ఆ విలువ ముందే తెలిసినట్టుంది. బొమ్మలు ఎటు పోయినా పట్టించుకోలేదు గానీ, పెట్టెలో కుట్టుమిషను దారాలు దాచుకుంది.

2020లో ఆ బొమ్మలు ఆరిజిన్స్ పేరుతో పాత తరహా ప్యాకింగ్‌లో మళ్లీ వచ్చాయి. సీలు విప్పకుండా షెల్ఫులో పెట్టుకునేవాళ్లని పిచ్చోళ్లంటున్నారు గానీ, నాకైతే వాళ్లదే సబబు. నేనింకో మెట్టు ఎక్కి అడుగుతున్నా. ఆ అట్టలు విడిగా అమ్మండి, వాటి మీద బొమ్మలు వేసిన ఒబ్రెరో, విలియం జార్జ్ పేర్లు పెద్దక్షరాల్లో వెయ్యండి. లోపలి హీ-మ్యాన్‌ని మీరే ఉంచుకోండి.