షనెల్‌ని ఎవరూ గెంటెయ్యలేదు, తనే వెళ్లింది

"పాప పుట్టగానే షనెల్ వెస్ట్ కోస్ట్‌ని రిడిక్యులస్‌నెస్ నుంచి పీకేశారు, అసలు నవ్వడం తప్ప ఆమె చేసిందేం లేదు, ఆమె పోయాకే షో మూతపడింది" అని ఒక ముక్క తెగ తిరుగుతోంది. మూడు మాటలు, మూడూ తప్పే, పైగా ఒకదానికొకటి పొసగవు కూడా. ఏమీ చెయ్యని మనిషి పోతే షో ఎందుకు మూతపడుద్ది?

తెలియనివాళ్లకి: రిడిక్యులస్‌నెస్ అమెరికాలో ఎంటీవీ షో, 2011 ఆగస్టులో మొదలైంది. ఇంటర్నెట్‌లో వైరల్ అయిన వీడియోలు వేసి, కింద పడ్డవాళ్లని, పల్టీలు కొట్టినవాళ్లని చూపిస్తూ రాబ్ డిర్డెక్, స్టీలో బ్రిమ్, షనెల్ ముగ్గురూ కామెంట్లు వేసేవాళ్లు.

పీకేశారు అన్నదానికి వస్తే, పాప పుట్టింది 2022 నవంబర్‌లో, షనెల్ వెళ్తోందని వార్త వచ్చింది 2023 మార్చిలో, ఈ రెండూ దగ్గర దగ్గరగా ఉన్నాయని కథ అల్లేశారు అంతే. ఆ వార్తలోనే ఉంది కదా, 30 సీజన్లు చేశాక ఆమె ఎంటీవీ ఓనర్ అయిన ప్యారమౌంట్‌తోనే సొంత షోల కోసం కొత్త డీల్ చేసుకుందని. వద్దనుకుని బయటికి పంపిన మనిషితో అదే కంపెనీ డీల్ ఎందుకు చేసుకుంటుంది? పిల్లని కన్న ఆడమనిషి ఉద్యోగం మారితే చాలు, తీసేశారనే అనుకుంటారు, పైకి ఎదగడానికి వెళ్లిందేమో అని ఒక్కరికీ తట్టదు, నాకు కోపం వచ్చేది అక్కడే.

ఇక నవ్వడం తప్ప ఏం చెయ్యలేదన్న మాట. ఈమె 2009లో రాబ్ చేసిన ఫాంటసీ ఫ్యాక్టరీ అనే రియాలిటీ షోలో రిసెప్షనిస్ట్‌గా కనిపించింది, ర్యాప్ పాడుతుంది, తర్వాత 12 ఏళ్లు ఈ కుర్చీలో కూర్చుంది. క్లిప్ ఉండేది కొన్ని సెకన్లే, అది ఫోన్‌లో ఎవరైనా ఫ్రీగా చూసుకోవచ్చు, టీవీ ముందు జనం కూర్చునేది దాని చుట్టూ ఆ ముగ్గురి మాటల కోసం. రాబ్ ఒకటి అంటే ఆమె అడ్డం తిరగడం, స్టీలో ఆటపట్టిస్తే తిరిగి అంటించడం, మధ్యలో ఆ పెద్ద నవ్వు, ఇదంతా పనే, అదీ ఒకే రకం వీడియోలకి వందల ఎపిసోడ్లలో అలిసిపోకుండా చెయ్యాలి. ఆ నవ్వు భరించలేకపోయామని తిట్టేవాళ్లకి ఒక లెక్క చెప్తా, 2020 జూన్‌లో ఒక వారం ఎంటీవీ 168 గంటల్లో 113 గంటలు ఈ షోనే వేసింది. అప్పుడు ఆ సీట్లో ఉన్నది షనెలే. జనం పారిపోయే నవ్వైతే ఏ ఛానెలైనా అన్ని గంటలు వేస్తుందా?

మూతపడిందన్నది మరీ అన్యాయం. ఆమె వెళ్లాక లోలో వుడ్ వచ్చింది, షో 46 సీజన్ల దాకా నడిచింది, అంటే షనెల్ లేకుండానే ఇంకో 16 సీజన్లు. కొత్తవి తియ్యడం ఆపేశారన్న వార్త వచ్చింది 2025 అక్టోబర్ చివర్లో, అప్పటికి ప్యారమౌంట్ స్కైడాన్స్ అనే సినిమా కంపెనీతో కలిసిపోయి ఉద్యోగాలు కోస్తోంది. రెండున్నరేళ్ల కింద వెళ్లిన మనిషికి దీంతో ఏం సంబంధం?

మీ గ్రూపుల్లో ఆ ముక్క కనిపిస్తే కింద ఈ తేదీలు పెట్టండి.