బ్రేకు పైపు నట్టు దగ్గర తొందర పనికిరాదు

పాత కారు ఉన్నవాళ్లకి, ముఖ్యంగా విశాఖ, కాకినాడ, బందరు లాంటి సముద్రం పక్క ఊళ్లలో ఉన్నవాళ్లకి ఒక మాట గట్టిగా చెప్పాలని రాస్తున్నాను. చక్రాలకి బ్రేకు ఆయిల్ తీసుకెళ్లే పైపు నట్టు తుప్పు పడితే, దాని మీద ఫిక్స్ పానా (నోరు తెరిచి ఉండే మామూలు పానా) పెట్టనివ్వకండి. ఎంత అనుభవం ఉన్న మేస్త్రీ అయినా సరే, ముందు ఫ్లేర్ నట్ స్పానర్ (ఇలాంటి పైపు నట్ల కోసమే చేసిన పానా) ఉందా అని అడగండి. లేదంటే బండి వెనక్కి తెచ్చేసుకోండి.

మాది మారుతి 800. 2014 జనవరి దాకా తయారైన బండి కాబట్టి మన వీధుల్లో ఇంకా చాలానే తిరుగుతున్నాయి. 15 ఏళ్లు నిండాక రిజిస్ట్రేషన్ రెన్యువల్ వస్తుంది. అప్పుడు అందరూ పెయింటు, టైర్లు, లైట్లు చూసుకుంటారు. కింద పడుకుని బ్రేకు పైపులు చూసేవాళ్లు ఎంతమంది? ఉప్పుగాలికి, వానాకాలం బురదకి ముందు దెబ్బతినేది అవే. వెనక చక్రాల దగ్గర ఇనప పైపు రబ్బరు హోస్‌తో కలిసే చోట మట్టి పేరుకుని, తడి ఆరక, నట్టు పైపుకి అతుక్కుపోతుంది.

మా బండి వెనక వీల్ సిలిండర్ (చక్రం దగ్గర ఆయిల్ ఒత్తిడితో బ్రేకుని నొక్కే భాగం) లీకయితే ఒక షెడ్డుకి ఇచ్చాం. కుర్రాడు ఫిక్స్ పానా పెట్టి ఒక్క గుంజు గుంజాడు. నట్టు మూలలు గుండ్రమైపోయాయి. వెంటనే వైస్ గ్రిప్ (బిగించి లాక్ చేసే పట్టకారు) బిగించి తిప్పితే నట్టుతో పాటు పైపు కూడా మెలి తిరిగి చీలింది. ఆ కుర్రాడిని నేను తప్పు పట్టను. అతని చేతికి సరైన పనిముట్టు ఇవ్వని యజమాని మీదే నాకు కోపం. కొన్ని వందల రూపాయల స్పానర్ అది!

ఆ నట్టు మధ్యలో పైపు దూరడానికి బోలుగా ఉంటుంది, గోడ పలచన. ఫిక్స్ పానా దాన్ని రెండు వైపులే పట్టుకుంటుంది. ఫ్లేర్ నట్ స్పానర్ రింగు పానాలాగే ఉండి, పైపు దూరేంత సందు మాత్రం తెరిచి ఉంటుంది కాబట్టి దాదాపు చుట్టూ పట్టుకుంటుంది. అదీ తేడా.

స్పానర్ ఉన్నా ఓపిక కావాలి. ముందు వైర్ బ్రష్‌తో మట్టి, తుప్పు పొట్టు రాల్చాలి. తర్వాత పెనెట్రేటింగ్ ఆయిల్ (తుప్పు సందుల్లోకి ఇంకే పల్చటి ఆయిల్) కొట్టి వదిలెయ్యాలి. రాత్రంతా నానితే మంచిది, మధ్యలో ఇంకోసారి కొట్టాలి. నట్టు మీద చిన్న సుత్తితో మెల్లగా తడితే ఆయిల్ మరల్లోకి దిగుతుంది. విప్పే ముందు కొంచెం బిగించే వైపు కదపాలి, అప్పుడు తుప్పు పట్టు వదులుతుంది. కదిలాక కూడా ఒకేసారి తిప్పెయ్యకుండా కాస్త ముందుకి, కాస్త వెనక్కి, మళ్లీ ఆయిల్. పైపు మీద మార్కర్‌తో ఒక గీత గీసుకోండి. నట్టుతో పాటు గీత కూడా తిరుగుతోందంటే అక్కడే ఆగిపోవాలి. కింద పడుకుని చేసేటప్పుడు ఏ వైపు తిప్పుతున్నామో తికమక పడతాం, అది కూడా చూసుకోవాలి.

పైపు ఎలాగూ మార్చేదే అయితే ఇంత పోరాటం అక్కర్లేదు. నట్టు దగ్గరగా పైపు కోసేసి, ఆరు మూలల సాకెట్ పెట్టి విప్పండి. ఇంత సులువైన దారి ఉండగా వైస్ గ్రిప్‌తో నట్టుని నమిలేస్తుంటే నాకు కడుపు మండుతుంది.

గ్యాస్ మంట పెట్టేవాళ్లకి ఒక మాట. బ్రేకు ఆయిల్ అంటుకుంటుంది. పక్కనే రబ్బరు హోస్ ఉంటుంది, నేల కింద పెట్రోలు పైపు కూడా వెళ్తుంది. బండి మీద ఉండగా మంట వద్దు, అంతే. ఇక లోపల శుభ్రం చేస్తామని డీజిలు, కిరోసిన్ పోస్తే సిలిండర్లోని రబ్బరు కప్పులు ఉబ్బిపోతాయి. పెనెట్రేటింగ్ ఆయిల్‌తోనూ అదే భయం. అందుకే విప్పేలోపు పైన తుడిచెయ్యాలి, హోస్ మీద పడనివ్వకూడదు.

అసలు దారుణం పైపు చీలాక మొదలైంది. "సార్, రాగి పైపు వేసేస్తాం, తుప్పు పట్టదు" అన్నారు. తెచ్చింది ఏసీలకి వాడే గొట్టం. తుప్పు పట్టదు నిజమే. కానీ ఉత్త రాగి బండి కుదుపులకి గట్టిపడి, పెళుసెక్కి, పగులుతుంది. గట్టిగా బ్రేకు తొక్కితే పైపులో ఒత్తిడి 70 బార్ కూడా దాటొచ్చు. టైరులో గాలి 2 బార్ చిల్లర! వేస్తే కంపెనీ ఇనప పైపు, లేదా బ్రేకుల కోసమే తయారైన రాగి-నికెల్ పైపు వెయ్యాలి. మరలకి టెఫ్లాన్ టేపు చుట్టడం ఇంకో పాడు అలవాటు. అక్కడ ఆయిల్‌ని ఆపేవి మరలు కావు, పైపు చివర విప్పారి ఉండే ఫ్లేర్. ఫ్లేర్ సరిగ్గా కూర్చోకపోతే ఎంత టేపు చుట్టినా కారుతుంది. నేను ఒప్పుకోలేదు. బండిని అక్కడి నుంచి తాడు కట్టి లాగించకుండా, వ్యాన్ మీద ఎక్కించి వేరే షెడ్డుకి తీసుకెళ్లాను.

బ్రేకు ఆయిల్ కూడా రెండేళ్లకోసారి మార్పించండి. అది గాల్లో తేమని పీల్చుకుంటుంది. డాట్ 3 అనే రకం బ్రేకు ఆయిల్ కొత్తగా ఉన్నప్పుడు 205 డిగ్రీల సెల్సియస్ దాకా మరగకూడదని ప్రమాణం, తేమ పట్టాక అది 140 దాకా పడిపోవచ్చు. ఆ తేమే లోపల్నుంచి తుప్పు తెస్తుంది. మార్చే ప్రతిసారీ బ్లీడ్ నిప్పిల్ (చక్రం దగ్గర పాత ఆయిల్, గాలి బయటికి వదిలే చిన్న స్క్రూ) కదులుతుంది కాబట్టి అది పట్టేసుకోదు. దాని మీద రబ్బరు టోపీ ఉందో లేదో కూడా చూడండి.

అమెరికాలోని మిషిగన్, ఒహాయోల్లో చలికాలం రోడ్ల మీద ఉప్పు చల్లుతారు, అక్కడి మనవాళ్లకి ఈ బాధ బాగా తెలుసు. అక్కడ పాత కారు కొనేటప్పుడు ఈ పైపులు చూడకుండా కొనొద్దు.

కస్టమర్లుగా మనదీ తప్పుంది. పొద్దున బండి ఇచ్చి "సాయంత్రానికి కావాలి అన్నా" అని నెత్తిమీద కూర్చుంటాం. నట్టు నానడానికి టైమివ్వకుండా ఆ మేస్త్రీ ఏం చేస్తాడు? పానా పెట్టి గుంజుతాడు. బండి రెండు రోజులు వదిలెయ్యండి. ఆయిల్ కొట్టి వదిలేసిన రోజుకి కూడా కూలి అడిగితే బేరమాడకుండా ఇవ్వండి.