సలహాల పెట్టె, దాని తాళం చెవి

ఈ మధ్య పని మీద ఒక బాలసదనానికి వెళ్తే గోడకు తగిలించిన సలహాల పెట్టె కనిపించింది. కొత్తగా నీలం రంగు వేశారు. పక్కనే ‘నిర్భయంగా రాయండి’ అని ముత్యాల్లాంటి అక్షరాలు. తాళం మాత్రం పెట్టెతో పోటీ పడేంత ఉంది. పిల్లలు రాసే చీటీలను దొంగలెత్తుకుపోతారని ప్రభుత్వానికి ఎంత దిగులో చూడండి. నాకు ఆ పూట అన్నం సహించలేదు.

ఇంతకీ దాని చెవి ఎవరి దగ్గర ఉండాలి? 2016 నాటి బాలల న్యాయ నమూనా నియమాలు ఈ విషయంలో ఏ సందేహానికీ చోటివ్వలేదు. నిర్వహణ కమిటీ అధ్యక్షుల వారి దగ్గర ఉండాలి. అధ్యక్షులెవరయ్యా అంటే జిల్లా బాలల పరిరక్షణ అధికారి. సభ్య కార్యదర్శి ఎవరయ్యా అంటే ఆ సదనం సూపరింటెండెంటు. పెట్టె ఆఫీసు గదికి దూరంగా, పిల్లలు పడుకునే చోటికి దగ్గరగా ఉండాలని కూడా నియమమే చెబుతోంది. పెట్టె పిల్లల దగ్గర, చెవి పెద్దల దగ్గర. దొంగ చేతికి తాళాలు అని మన పూర్వులు సామెత చెప్పి పోతే, దాన్ని ఎవరో విధివిధానం అనుకుని రాసుకున్నట్టున్నారు.

వారానికోసారి పెట్టె తెరిచే ఘట్టాన్ని ఊహించుకోండి. కమిటీ కొలువు తీరుతుంది. పిల్లల కమిటీ సభ్యుల సమక్షంలోనే తెరవాలి కనుక ఇద్దరు అమ్మాయిలను తెచ్చి గోడ పక్కన నిలబెడతారు. పెట్టెలో ఒకే ఒక్క చీటీ. అధ్యక్షులు కళ్లజోడు సవరించుకుని పైకి చదువుతారు: ‘సూపరింటెండెంటు మేడం రాత్రిపూట కొదుతున్నారు.’ నిశ్శబ్దం. తన మీద వచ్చిన ఫిర్యాదు తీవ్రమైనదైతే సూపరింటెండెంటు అత్యవసర సమావేశంలో కూర్చోకూడదు. చాలా గొప్ప నియమం. కాబట్టి ఆవిడ లేచి, కుర్చీ చప్పుడు కాకుండా వెనక్కి జరిపి, వరండాలోకి వెళ్తారు. వెళ్తూ వెళ్తూ గోడ పక్కనున్న ఇద్దరి వైపూ ఒక చూపు చూస్తారు. చూపుల గురించి నియమాల్లో ఏమీ లేదు.

ఇక లోపల విచారణ. చీటీ మీద పేరు లేదు కాబట్టి ముందు రాసిందెవరో తేలాలి. నోటు పుస్తకాలు తెప్పిస్తారు. ‘డ’ను ‘ద’ అని రాసేది ఎనిమిదో తరగతి పిల్ల ఒక్కతేనని వార్డెను ఇట్టే గుర్తుపడుతుంది. నేరం రుజువైపోయింది: అక్షరదోషం. ఆ పిల్లకు తెలుగు ట్యూషను పెట్టించాలని ఏకగ్రీవ తీర్మానం. తీర్మానాన్ని పుస్తకంలో ఎక్కించవలసింది సభ్య కార్యదర్శి కదా, వరండాలో ఉన్నావిడను లోపలికి పిలుస్తారు.

అంతటితో అయిపోలేదు. పైన రాష్ట్ర బాలల హక్కుల పరిరక్షణ కమిషన్ ఉంది. 2005 నాటి చట్టం దానికి సివిల్ కోర్టు అధికారాలు ఇచ్చింది. సమన్లు పంపవచ్చు, ప్రమాణం చేయించవచ్చు, దస్త్రాలు తెప్పించవచ్చు. ఇంతా చేసి నిజం తేల్చాక? ప్రభుత్వానికి సిఫార్సు చేయవచ్చు. అది చాలకపోతే తానే హైకోర్టుకు వెళ్లి ఆదేశాలు వేడుకోవచ్చు. కిరీటం పెట్టుకున్న అర్జీదారు అన్నమాట. ఆ కమిషన్ అధ్యక్షుణ్ణి ఎంపిక చేసే ముగ్గురి సంఘానికి పెద్ద ఎవరయ్యా అంటే పిల్లల శాఖ చూసే మంత్రిగారే. పేపరు దిద్దే మాస్టారిని మనమే ఎంచుకునే సౌకర్యం మా రోజుల్లో ఉండి ఉంటే ఈపాటికి నేను కలెక్టరును.

రాష్ట్ర కమిషన్ దగ్గర నలుగుతున్న విషయాన్ని జాతీయ కమిషన్ విచారించకూడదని కూడా అదే చట్టంలో ఉంది. ఎంత మర్యాద!

అయితే నాకు అన్నిటికన్నా ముచ్చటేసింది 2015 నాటి బాలల న్యాయ చట్టంలోని 101వ సెక్షన్. ఏ పిల్లకు రక్షణ, సంరక్షణ కావాలో తేల్చే బాలల సంక్షేమ సమితి ఇచ్చిన ఆదేశం నచ్చకపోతే 30 రోజుల్లో అప్పీలు చేసుకోవచ్చు. కానీ ‘ఈ పిల్లకు రక్షణ, సంరక్షణ అక్కరలేదు’ అని సమితి తేల్చిందా, ఇక దాని మీద అప్పీలు లేదు. హైకోర్టు తలుపులు తెరిచే ఉన్నాయట. పదకొండేళ్ల పిల్ల వకీలును పెట్టుకుని బయలుదేరడమే తరువాయి.

ముజఫర్‌పుర్ గుర్తుందా? బీహార్‌లో ప్రభుత్వ డబ్బుతో నడిచిన ఆ బాలికల గృహంలో పిల్లలపై లైంగిక అత్యాచారాలు జరుగుతున్నాయని చెప్పింది సలహాల పెట్టె కాదు, మూడు నెలలకోసారి వెళ్లవలసిన తనిఖీ కమిటీ కాదు. సామాజిక తనిఖీకి వచ్చిన టాటా సామాజిక శాస్త్రాల సంస్థ వాళ్లు పిల్లలతో మాట్లాడితే 2018లో లోకానికి తెలిసింది. 2020లో ఢిల్లీ కోర్టు 19 మందిని దోషులుగా తేల్చింది. వాళ్లలో ఆ జిల్లా బాలల సంక్షేమ సమితికి అధ్యక్షుడిగా పనిచేసినవాడున్నాడు. సమితి సభ్యుడున్నాడు. జిల్లా బాలల పరిరక్షణ విభాగం అధికారి ఉన్నాడు. తాళం చెవి ఏ విభాగం చేతిలో ఉండాలని రాశారో ఆ విభాగం మనిషి! ఆ పిల్లలు ఎవరికి చెప్పుకోవాలి? ఏ పెట్టెలో వేయాలి? ప్రభుత్వం వారిని అడిగితే ‘అక్కడక్కడా లోపాలుంటాయి, సరిదిద్దుకుంటున్నాం’ అంటారు. లోపమట! చెవి ఎవరికివ్వాలో తీరిగ్గా కూర్చుని ఆలోచించి, గెజిట్‌లో అచ్చు వేయించి మరీ ఇచ్చారు. ఆ మాట అనడానికి నోరెలా వస్తుంది?

వచ్చేస్తూ సూపరింటెండెంటు గారిని అడిగాను, పెట్టెలో చీటీలేమైనా పడుతుంటాయా అని. ‘ఒక్కటీ ఉండదండీ, మా పిల్లలకు ఏ లోటూ లేదు’ అన్నారావిడ. మళ్లీ ఒకసారి పెట్టె దగ్గరికి వెళ్లి చూశాను. రంగు వేసిన మనిషి తాళాన్ని కూడా వదిలిపెట్టలేదు. చెవి దూరే రంధ్రం నీలం రంగుతో పూడుకుపోయి, ఎండి, గట్టిపడి ఉంది.