మా తెలుగు మాస్టారిని చూసి నవ్విన వాళ్లకి

ఇంటికొచ్చి రెండు గంటలైంది. కడుపులో మంట ఇంకా తగ్గలేదు. రాయకపోతే రాత్రికి నిద్ర పట్టదు, అందుకే రాస్తున్నాను. పొడుగ్గానే ఉంటుంది. బడుల్లో పనిచేసేవాళ్లు చివరిదాకా చదువుతారని తెలుసు, ఇలాంటిది మీకూ ఏదో ఒకరోజు జరిగే ఉంటుంది.

ఈరోజు మాకు కాంప్లెక్స్ మీటింగ్, అంటే చుట్టుపక్కల బడుల టీచర్లందరి సమావేశం. తరగతి గదిలో ఇంటరాక్టివ్ ప్యానల్‌ని, అదే చేత్తో తాకి రాసే పెద్ద తెరని, ఎలా వాడుకోవాలో నేర్పిస్తామన్నారు. పొద్దున తొమ్మిదిన్నరకల్లా నలభై మందిమి చేరాం. తీరా చూస్తే ప్యానల్ ఉన్న గదుల్లో పిల్లలు పరీక్ష రాస్తున్నారు. మమ్మల్ని వెనక హాల్లో కూర్చోబెట్టి, ప్రొజెక్టర్‌తో గోడ మీద ప్యానల్ ఫొటోలు వేశారు. ఇది పవర్ బటన్, ఇది పెన్ను గుర్తు, ఇది డస్టర్ గుర్తు అంటూ చెప్పుకుంటూ పోయారు. ఈత నేర్పిస్తామని పిలిచి చెరువు బొమ్మ చూపించి పంపినట్టుంది. పదకొండున్నరకి కరెంటు పోయింది. ఆ ఫొటోలు కూడా పోయాయి.

ఇంతవరకూ నాకు కోపం రాలేదు. పదిహేనేళ్ల సర్వీసులో ఇలాంటివి చాలా చూశాను. అసలు సంగతి మధ్యాహ్నం జరిగింది.

మా బడి తెలుగు మాస్టారు లేచి నిలబడ్డారు. ఆయనకి ఇంకో పద్నాలుగు నెలల్లో రిటైర్మెంట్. "బాబూ, చిన్న సందేహం. నేను ప్యానల్ మీద రాస్తుంటే అరచెయ్యి ఆనినచోటల్లా చెరిగిపోతోంది. కింద వత్తు పెట్టేలోపు పైన అక్షరం పోతోంది. దానికేం చెయ్యాలి?" అని అడిగారు. ఎంత మంచి ప్రశ్న! ఆ మీటింగ్ మొత్తంలో పాఠానికి సంబంధించి వచ్చిన ప్రశ్న అదొక్కటే. ఇంగ్లిషు అక్షరాన్ని అలా గీసేసి చెయ్యి తీసేయొచ్చు. తెలుగు అలా కుదరదు. తలకట్టు, గుడి, కొమ్ము, వత్తు అంటూ చెయ్యి అక్కడక్కడే తిరగాలి.

శిక్షణ ఇస్తున్నాయన ఏమన్నారో తెలుసా? "సార్, అవన్నీ యూట్యూబ్‌లో కొడితే వస్తాయి. అయినా మీకు ఇంకో ఏడాదేగా, ఎందుకు సార్ టెన్షన్?" అన్నారు.

హాలంతా నవ్వింది.

ఆయన అన్నమాట కంటే ఈ నవ్వే నాకు ఎక్కువ తగిలింది. నవ్విన వాళ్లలో మన టీచర్లే ఉన్నారు. ఆ మాస్టారి దగ్గర చదువుకుని టీచరైన ఒకాయన కూడా నవ్వాడు, నేను కళ్లారా చూశాను. మాస్టారు కూడా కొంచెం నవ్వి కూర్చున్నారు. చేతిలో ఉన్న కాగితాన్ని నాలుగు మడతలు పెట్టి జేబులో వేసుకున్నారు. పక్కనే ఉన్నాను కాబట్టి అందులో ఏముందో నాకు కనిపించింది. పాత నోట్సు పేజీ వెనకవైపు, ఆ గుండ్రటి చేతిరాతతో వరసగా ఐదు సందేహాలు రాసుకొచ్చారు. చెయ్యి ఆనితే చెరిగిపోవడం ఒకటి. ఈరోజు రాసింది రేపటికి దాచుకోవడం ఎలా అన్నది రెండు. ఫోన్లో ఉన్న పద్యం ఆడియో గదంతా వినపడేట్టు పెట్టడం మూడు. కరెంటు పోయి వస్తే రాసిందంతా ఏమవుతోంది అన్నది నాలుగు. ఎప్పుడో పాత ఫాంటులో డీటీపీ చేయించుకున్న పద్యాలు ప్యానల్‌లో తెరిస్తే అర్థంలేని గుర్తులుగా కనపడుతున్నాయన్నది ఐదు.

రిటైర్మెంట్‌కి ఏడాది ముందు ఒక మనిషి ఇంత శ్రద్ధగా ప్రశ్నలు రాసుకొస్తే, ఒక్కదానికి కూడా జవాబు చెప్పకుండా నవ్వి కూర్చోబెట్టారు. సాయంత్రం ఫీడ్‌బ్యాక్ ఫారం నింపించారు. శిక్షణ చాలా బాగుందా, బాగుందా, ఫర్వాలేదా? బాగోలేదు అనే గడే లేదు. గ్రూప్ ఫొటో తీసి అప్‌లోడ్ చేశారు. రేపటికి లెక్కల్లో నలభై మంది ప్యానల్ నేర్చుకున్నవాళ్లం అయిపోతాం.

ఇప్పుడు చెప్పండి, టీచర్లకి టెక్నాలజీ రాదు అనే మాట ఎవరు మొదలుపెట్టారు?

2022 ఆగస్టులో ముఖ హాజరు యాప్ వస్తే, మా సొంత ఫోన్లలో, మా సొంత డేటాతో వేసుకున్నాం. సిగ్నల్ లేని ఊళ్లలో టీచర్లు ఫోన్ పట్టుకుని చెట్టు కిందకీ మేడ మీదకీ తిరిగారు. భోజనం ఎంతమంది తిన్నారు, గుడ్లు ఎన్ని వచ్చాయి, చిక్కీలు ఎన్ని మిగిలాయి, అన్నీ ఫోన్లోనే ఎక్కించాం. మరుగుదొడ్ల ఫొటోలు కూడా తీసి పంపాం, 2024లో ఆ పని తీసేసేదాకా. అవన్నీ చెయ్యడం మాకు వచ్చింది కదా? నెల తిరిగేసరికి అందరూ నేర్చుకున్నారు, రిటైర్మెంట్ దగ్గరున్న వాళ్లతో సహా. ఎందుకంటే అవి పైవాళ్లకి కావాలి. యాప్ తెరుచుకోకపోతే రాత్రి పది గంటలకైనా గ్రూపులో జవాబు వస్తుంది. సాయంత్రంలోగా ఎంట్రీ పడకపోతే ఫోన్ వస్తుంది. పాఠం చెప్పడంలో వచ్చే సందేహానికి మాత్రం యూట్యూబ్ చూసుకోమంటారు.

వస్తువులు ఇవ్వలేదని నేను అనడం లేదు. 2019 నవంబరు 14న మా ఒంగోలులోనే గవర్నమెంటు బడుల్ని బాగుచేసే నాడు-నేడు పథకం మొదలైంది, తొలి విడతలో 15,715 బడులు. నీళ్లొచ్చాయి, బల్లలొచ్చాయి, ఫ్యాన్లొచ్చాయి. 2022 డిసెంబరు 21న బాపట్ల జిల్లా యడ్లపల్లిలో ట్యాబ్‌ల పంపిణీ మొదలైంది. ఎనిమిదో తరగతి పిల్లలకీ టీచర్లకీ కలిపి 5,18,740 ట్యాబ్‌లు. ఆ తర్వాతి ఏడాది ప్యానళ్లు వచ్చాయి, ప్రాథమిక పాఠశాలలకి స్మార్ట్ టీవీలు వచ్చాయి. మా పిల్లలు ఆ ప్యానల్‌ని మొదటిసారి ఆన్ చేసిన రోజు చప్పట్లు కొట్టారు. ఆ చప్పట్లు నాకింకా గుర్తున్నాయి. గవర్నమెంటు బడి పిల్లలకి అంత మంచి వస్తువు వచ్చినందుకు మనసు నిండిపోయింది. అందుకే ఈ బాధ. గోడకి అంత పెద్ద ప్యానల్ పెట్టి, దాని పక్కన నిలబడే మనిషిని గాలికి వదిలేశారు.

నా సంగతి చెప్తాను. నేను లెక్కల టీచర్ని. ప్యానల్ వచ్చిన కొత్తలో మూడు నెలలు దాన్ని నల్లబల్లలాగే వాడాను. తర్వాత పక్క మండలం నుంచి ఒక ఫిజిక్స్ సార్ డెప్యుటేషన్ మీద మా బడికి వచ్చారు. ఒకరోజు నా తొమ్మిదో తరగతి క్లాసులో, వెనక బెంచీలో పిల్లల పక్కన కూర్చున్నారు. అర్ధవృత్తంలో కోణం లంబకోణం అని చెప్తున్నాను. అయ్యాక, "మేడమ్, రేపు మీ లీజర్ పీరియడ్ ఇవ్వండి, ఒకటి చూపిస్తా" అన్నారు. జియోజీబ్రా అని లెక్కల బొమ్మలు గీసే సాఫ్ట్‌వేర్ ఉంది, అందులో వృత్తం గీసి, వ్యాసం గీసి, వృత్తం మీద ఒక బిందువు పెట్టి, దాన్ని వేలితో జరపమన్నారు. జరిపాను. త్రిభుజం సన్నబడుతోంది, లావవుతోంది, పక్కకి ఒరుగుతోంది, కోణం మాత్రం 90 దగ్గర కదలడం లేదు. ఏళ్ల తరబడి తాడుతో, సుద్దముక్కతో వృత్తాలు గీసి ఒక్కో సందర్భం చూపించి "మిగతావన్నీ ఇలాగే" అని చెప్పినదాన్ని. ఆ మర్నాడు మా క్లాసులో ఒక్కొక్కరే వచ్చి ఆ బిందువుని జరిపారు. పరీక్షల్లో ఎప్పుడూ పది దాటని పిల్ల ఒకతి బిందువుని వ్యాసం చివరిదాకా తోసుకెళ్లి, "టీచర్, ఇక్కడికి పూర్తిగా వస్తే త్రిభుజమే ఉండదుగా?" అంది. ఆ ప్రశ్న నాకే ఎప్పుడూ తట్టలేదు.

నాకు అది నేర్పింది ఏ వర్క్‌షాపూ కాదు. నా పాఠం విని, నా పక్కన కూర్చున్న మనిషి. రెండు లీజర్ పీరియడ్లు పట్టింది. ఒక్క రూపాయి ఖర్చు కాలేదు. ఆయన డెప్యుటేషన్ ఐదు నెలలకే రద్దు చేసి వెనక్కి పంపేశారు, అది వేరే కథ, దాని గురించి మొదలుపెడితే ఈ రాత్రి సరిపోదు.

జాతీయ విద్యా విధానం 2020లో ప్రతి టీచరుకీ ఏడాదికి 50 గంటల వృత్తి శిక్షణ ఉండాలని రాశారు. మంచిదే. ఆ గంటలు ఎలా నిండుతున్నాయో మీకు తెలుసు. ఫోన్లో వీడియో పెట్టి, అది అయిపోయేదాకా స్క్రీన్ ఆరిపోకుండా మధ్యమధ్యలో తాకడం. ఒక పక్క కుక్కర్ విజిల్ వేస్తుంటుంది, ఇంకో పక్క సర్టిఫికెట్ వస్తుంది. ఆ 50లో పది గంటలు తీసి, ప్యానల్ బాగా వాడే టీచరుని ఒక వారం మా బడికి పంపండి. మా పిల్లల ముందు, మా పాఠం, మా ప్యానల్ మీద చూపించమనండి. ఇదేమైనా అడగరాని కోరికా?

ప్రైవేటులో బాగుందనుకునే తల్లిదండ్రులకి ఒక మాట. మా చెల్లెలి కొడుకు చదివే స్కూల్లో డిజిటల్ క్లాసని ఫీజులో వేరే లైను వేసి తీసుకుంటారు. అక్కడ టీచరుకి ప్యానల్ మీద సొంతంగా ఏదీ పెట్టే హక్కు లేదు. కంపెనీ వీడియో నడుస్తుంటే ఆమె పక్కన నిలబడి అల్లరి చేసేవాళ్ల పేర్లు రాయాలి. బీఈడీ చేసిన పిల్లని తీసుకొచ్చి కాపలా పెట్టారు. అది కూడా టెక్నాలజీయే అంటే నేను ఒప్పుకోను.

నా అసలు కోపం ఇవాళ్టిది కాదేమో అని రాస్తుంటే అనిపిస్తోంది. నేను ఉద్యోగంలో చేరిన బడిలో ఒక కంప్యూటర్ గది ఉండేది. 2008లో ఉమ్మడి రాష్ట్రంలో హైస్కూళ్లకి కంప్యూటర్లు ఇచ్చి, ప్రైవేటు కాంట్రాక్టు కింద కంప్యూటర్ టీచర్లని పెట్టారు కదా, అది. మా కంప్యూటర్ సార్ ఆ ఊరి కుర్రాడే. అతనికిచ్చే జీతం ఒక మనిషి బతకడానికి చాలదు. అదీ నెలల తరబడి వచ్చేది కాదు. అయినా పొద్దున్నే వచ్చి మానిటర్ల మీద గుడ్డలు తీసి, చెప్పులు బయట విడిపించి, ఆరో తరగతి పిల్లలతో మౌస్ పట్టించేవాడు. మేం టీచర్లం సిగ్గుపడుతూ అడిగితే విసుక్కోకుండా చెప్పేవాడు. నాకు తెలుగు టైపింగ్ నేర్పింది అతనే. ఇప్పుడు మీరు చదువుతున్న ఈ పోస్టు ఆ చెయ్యి పెట్టిన భిక్ష.

2013లో కాంట్రాక్టు ముగిసింది. అతన్ని ఉంచుకుందామని ఎవరూ అనుకోలేదు. గదికి తాళం పడింది. నాలుగేళ్ల తర్వాత ఏదో తనిఖీ ఉందని ఆ తలుపు తీశాం. వైర్లు ఎలుకలు కొరికేశాయి. బ్యాటరీలు ఉబ్బిపోయి ఆమ్లం కారి నేలంతా తెల్లగా పొక్కింది. బల్ల మీద అతను రాసుకున్న టైంటేబుల్ అట్ట అలాగే ఉంది. కంప్యూటర్లని కాపాడలేదు సరే, ఆ కుర్రాడు ఏమైపోయాడని కూడా ఎవరూ అడగలేదు. నేనూ అడగలేదు. ఆ తప్పు నాది కూడా.

2004లో చదువుల కోసమే మన శ్రీహరికోట నుంచి ఎడ్యుశాట్ ఉపగ్రహాన్ని పంపారు. తర్వాత కంప్యూటర్లు వచ్చాయి, ట్యాబ్‌లు వచ్చాయి, ప్యానళ్లు వచ్చాయి. రేపు ఏఐ వస్తుందంటున్నారు, దాని మీదా ఒక మీటింగ్ పెడతారు. టీచరు పక్కన కూర్చుని "మీ పాఠం ఏంటి సార్, ఏం కావాలి మీకు?" అని అడిగే మనుషులు ఇరవై ఏళ్లలో నాకు ఇద్దరే కనపడ్డారు. కంప్యూటర్ సార్, ఫిజిక్స్ సార్, ఆ ఇద్దర్నీ పంపేశాం.

ఈరోజు మీటింగ్ నుంచి మాస్టారు, నేను ఒకే ఆటోలో వచ్చాం. దారంతా ఆయన ఏమీ మాట్లాడలేదు. నేనే "మాస్టారూ, బడి దగ్గర దిగుదాం, ఒక పది నిమిషాలు" అన్నాను. "ఎందుకమ్మా, పొద్దుపోయింది" అన్నారు గానీ దిగారు. గ్రౌండులో వాలీబాల్ ఆడుతున్న తొమ్మిదో తరగతి వాడొకడు మమ్మల్ని చూసి వెనకే వచ్చాడు. ప్యానల్ ఆన్ చేశాం. మాస్టారు రాశారు, చెరిగింది. వాడు చూసి, "సార్, చేత్తో చెరిపేది సెట్టింగ్స్‌లో ఆపెయ్యొచ్చు" అని రెండుచోట్ల నొక్కాడు. అంతే, అర నిమిషం కూడా పట్టలేదు.

మాస్టారు అరచెయ్యి ప్యానల్‌కి ఆనించే ఒక ఉత్పలమాల పాదం రాశారు. ఒక్క వత్తు చెరగలేదు. కింద ఎర్ర రంగుతో గురువులు, నీలం రంగుతో లఘువులు పెట్టారు. భ, ర, న, భ, భ, ర, వ అని గణాలు విడగొట్టారు. పదో అక్షరం చుట్టూ పసుపుపచ్చ సున్నా చుట్టి, వెనక్కి రెండడుగులు వేసి చూసుకున్నారు. "యతి ఇక్కడని ముప్ఫయ్యేళ్లుగా నోటితో చెప్తున్నానమ్మా, ఇలా ఎప్పుడూ కనపడలేదు" అన్నారు. ఆ పిల్లాడు "సార్, ఇంకో పద్యం రాయండి, ఈసారి గణాలు నేను పెడతా" అన్నాడు. తెలుగు వ్యాకరణం పీరియడ్‌లో కిటికీలోంచి చూసే పిల్లాడు వాడు.

చీకటి పడేదాకా ఉన్నాం. గదికి తాళం వేస్తుంటే మాస్టారు జేబులోంచి మడతల కాగితం తీసి, గోడకి ఆనించి, మొదటి సందేహం పక్కన పెన్నుతో టిక్కు పెట్టారు. "ఇంకా నాలుగున్నాయమ్మా. రేపు నీకు లీజర్ ఎప్పుడు?" అని అడిగారు.

మూడో పీరియడ్ అని చెప్పాను.