ఒప్పందం చదివేవాళ్లతోనే వచ్చింది చిక్కంతా

విమర్శనాత్మక ఆలోచన అని ఒక జబ్బు ఉంది. సంతకాలయిపోయాయి, ఫొటోలు దిగారు, ఇంక చదివేదేముంది అని పెద్దలంటూనే ఉంటారు, ఈ రోగులు మాత్రం కళ్లజోడు సవరించుకుని ఒక్కో ఆర్టికల్ కింద గీతలు పెడుతుంటారు. వాటికన్ మతపెద్దలూ నియంతలూ ఎంతో ఓపిగ్గా కూర్చుని రాసుకున్న ఒప్పందాల కాగితాల పరువు తీసేది ఈ బాపతు జనమే. పాపం ఆ కాగితాల తరఫున మాట్లాడేవాళ్లు లేరు, అందుకే నేను కూర్చున్నాను.

1929 ఫిబ్రవరి 11న రోమ్‌లోని లాటరన్ ప్యాలెస్‌లో పోప్ తరఫున కార్డినల్ గాస్పారి, ఇటలీ నియంత ముస్సోలినీ సంతకాలు చేశారు. క్యాథలిక్ చర్చికి వాటికన్ అనే 44 హెక్టార్ల సొంత దేశం, 75 కోట్ల లీరాల నగదు, ఇంకో 100 కోట్లకు బాండ్లు వచ్చాయి. రెండు రోజులకు పోప్ 11వ పయస్, ముస్సోలినీని దైవమే మాకు ఎదురుపరిచిన మనిషి అన్నారు. ఆ మనిషే ప్రతిపక్ష నాయకుడు మాతియోత్తి హత్య తర్వాత జరిగినదానికంతా బాధ్యత నాదేనని 1925లో పార్లమెంటులో నిలబడి చెప్పాడు కదా అంటారు మన రోగులు. దైవానికి సవాలక్ష పనులు, పాత కేసులన్నీ తిరగేస్తూ కూర్చుంటుందా?

అయితే నాకు బాగా నచ్చింది మాత్రం 1933 జులై 20 నాటి జర్మనీ ఒప్పందం. వాటికన్ తరఫున సంతకం చేసింది కార్డినల్ పచెల్లీ, తర్వాత ఆయనే పోప్ అయ్యారు. హిట్లర్ తరఫున వైస్ చాన్సలర్ పాపెన్. 16వ ఆర్టికల్ ప్రకారం బిషప్ పదవి చేపట్టే ముందు జర్మన్ రాజ్యానికి విధేయుడినని సువార్తల సాక్షిగా ప్రమాణం చెయ్యాలి. 30వ ఆర్టికల్ ప్రకారం ఆదివారాలు రాజ్యక్షేమం కోసం ప్రార్థించాలి. 32వది చూస్తే, ఫాదర్లు పార్టీల జోలికి పోకూడదట. అప్పటికి జర్మనీలో మిగిలింది ఒక్కటే పార్టీ, క్యాథలిక్కుల సెంటర్ పార్టీ పదిహేను రోజుల ముందే తనంతట తానే మూటాముల్లె సర్దుకుంది. ఇంక ఏ జోలికి పోతారు?

ప్రతిగా 31వ ఆర్టికల్‌లో క్యాథలిక్ సంఘాలకు రక్షణ రాసిచ్చారు. ఏయే సంఘాలకు అన్న జాబితా మాత్రం తర్వాత మాట్లాడుకుందాం అన్నారు. ఆ తర్వాత అనేది రానేలేదు, సంఘాలను ఒక్కొక్కటిగా నలిపేశారు. కొండనాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడిందని ఎవరైనా అనొచ్చు. కానీ గొడవ చెయ్యాలన్నా చేతిలో ఒక కాగితం ఉండాలి కదండీ! 1937లో హిట్లర్ ప్రభుత్వం మాట తప్పిందంటూ పోప్ జర్మన్ భాషలోనే లేఖ రాసి చర్చిల్లో చదివించగలిగారంటే అది ఈ కాగితం పుణ్యమే.

ఇంకో అనుబంధం ఉంది, రహస్యంగా రాసుకున్నది. రేపు నిర్బంధ సైనిక సేవ పెడితే ఫాదర్లకూ, ఆ చదువు చదివేవాళ్లకూ ఏ మినహాయింపులుండాలో అందులో తేల్చుకున్నారు. మొదటి ప్రపంచయుద్ధం తర్వాతి వెర్సాయ్ సంధి ప్రకారం జర్మనీకి నిర్బంధ సైనిక సేవ అప్పట్లో నిషిద్ధం. లేని సైన్యంలో మినహాయింపులెందుకు, అంటే వీళ్లకు ముందే తెలుసా అని మొదలెడతారు మన రోగులు. దాన్ని దూరదృష్టి అనొచ్చుగా? హిట్లర్ నిర్బంధ సేవ ప్రకటించింది 1935లో, అంటే రెండేళ్ల ముందుచూపు.

అంతెందుకు, సంతకాలకు ముందు, 1933 జులై 14న హిట్లర్ క్యాబినెట్ ఈ ఒప్పందానికి ఆమోదం తెలిపింది. వంశపారంపర్య రోగులని ముద్రపడ్డవాళ్లకు బలవంతంగా పిల్లలు పుట్టకుండా చేసే చట్టాన్నీ అదే రోజు పాస్ చేసింది. దాన్ని గెజిట్‌కు ఎక్కించింది మాత్రం సంతకాలయ్యాక, 25న. శుభకార్యం ముందు అశుభం పలకకూడదన్న పాటి మర్యాద వాళ్లకూ ఉంది.

స్పెయిన్‌లో నియంత ఫ్రాంకో 1953లో వాటికన్‌తో చేసుకున్న ఒప్పందం కూడా ముచ్చటైనదే. బిషప్పుల ఎంపికలో ఆయన మాట చెల్లుతుంది, బదులుగా శిక్షపడ్డ ఫాదర్లను మామూలు ఖైదీలతో కలపకూడదు. ఆ నియమం తుచ తప్పకుండా పాటించి, తనను ఎదిరించిన ఫాదర్ల కోసం 1968లో జమోరా జైల్లో ప్రత్యేక విభాగమే తెరిచాడు. మాట మీద నిలబడ్డం అంటే అదీ!

వీటన్నిటిలోనూ లోపం ఒక్కటే, ముద్రించి జనం చేతుల్లో పెట్టడం. ఆ పాఠం నేర్చుకున్నట్టే ఉన్నారు. బిషప్పుల నియామకంపై 2018లో వాటికన్ చైనా ప్రభుత్వంతో ఒక ఒప్పందం చేసుకుంది, మూడుసార్లు పొడిగించింది కూడా, 2024లో అయితే ఏకంగా నాలుగేళ్లకు. పూర్తి పాఠం బయటపెట్టలేదు. నేను దాన్ని మనస్ఫూర్తిగా సమర్థిస్తున్నాను, ఒక్క అక్షరం కూడా చదవలేదు కాబట్టి నాకు అభ్యంతరాలేమీ లేవు.